మగ్గాల ఇళ్లలో ఏడాది వాడిన 50 ఎంఎం లెన్స్

పుట్టపాక, పోచంపల్లి మగ్గాల ఇళ్లలోనో, నల్లగొండ గడియారం సెంటర్‌లో పొద్దున్నే టీ బండ్ల దగ్గరో మామూలు మనుషుల్ని, వాళ్ల పనిని ఫోటోలు తీయాలనుకునేవాళ్లు నన్నడిగితే ముందు కొనమని చెప్పేది కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్. 2015లో వచ్చింది, బరువు 160 గ్రాములే, ధర పది వేలకు కాస్త అటూ ఇటూ.

దీని విలువ గుంట మగ్గం ముందు కూర్చుంటే తెలుస్తుంది. గదికి ఒక్కటే కిటికీ, అదీ సగం మూసే ఉంటుంది. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేస్తే దాని ఎఫ్ నంబర్ 5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ నంబర్ ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు), ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది కాబట్టి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికొస్తుంది, ఇక ఫ్లాష్ కొట్టి నేసేవాళ్ల పని చెడగొట్టే అవసరమే ఉండదు. నాడె (పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) విసిరే చెయ్యి చెదరకుండా రావాలంటే షట్టర్ 250 దగ్గర, అంటే సెకనులో 250వ వంతు దగ్గర పెట్టి చూడండి.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) ఉన్న కెనాన్ కెమెరా మీద ఇది 80 ఎంఎంలా చూస్తుంది, ఇరుకు గదిలో వీపు గోడకు తగిలినా మగ్గం మొత్తం పట్టదు, మనిషి మొహం, చేతులు, రంగు దారాలు వస్తాయి అంతే. మగ్గమంతా కావాలంటే 24 ఎంఎం లెన్స్ చూసుకోవాలి. చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా చూసే స్టెబిలైజర్ కూడా దీనికి లేదు.

చిన్న లెన్స్, చూసి ఎవరూ బెదరరు. నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఆసు పోస్తున్న (నేతకు ముందు దారాన్ని మేకుల మీద వరుసగా చుడుతున్న) ఒక పెద్దమ్మ దగ్గర గంటసేపు కూర్చుని తీసిన ఫోటో మళ్లీ వారం ప్రింట్ తీసుకెళ్లి ఇస్తే, దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.