పీజీ సిద్ధాంత వ్యాసాలకు ఆన్‌లైన్ పరికరాలు: ఐదు బ్యాచ్‌ల తర్వాత ఒక గైడు సమీక్ష

కోనసీమలోని ఒక పీజీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతూ, చివరి సెమిస్టర్ విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలకు గైడుగా ఉంటున్నాను. 2020లో కళాశాలలు మూతపడినప్పుడు వేరే దారి లేక మొదలుపెట్టిన ఆన్‌లైన్ పద్ధతిని, తరగతులు మళ్లీ తెరిచాక కూడా వదలలేదు. ఐదు బ్యాచ్‌లతో వాడి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. వాడినవి నాలుగు: ఫోన్లో ఒక మెసేజింగ్ గ్రూపు, గూగుల్ డాక్స్, ఉమ్మడి గ్రంథసూచి కోసం జొటేరో, కలిసి కూర్చుని రాయడానికి గూగుల్ మీట్. నలుగురూ మాట్లాడుకోవడానికి పనికొచ్చేది వేరు, ఒకరి రాత ఒకరు చదవడానికి పనికొచ్చేది వేరు. ఈ తేడా తెలియక మొదటి రెండేళ్లూ పిల్లల సమయం, నా సమయం చాలా వృథా చేశాను.

గ్రూపు సంగతి త్వరగా ముగిస్తాను. వైవా తేదీ, ఫీజు గడువు, సంతకాల కోసం ఏ రోజు రావాలి అన్నవి చెప్పడానికి దాన్ని మించింది లేదు. రాతకు మాత్రం దాదాపు పనికిరాదు. ఒక అధ్యాయం మీద నేను పది వాక్యాల అభిప్రాయం పెడితే, దాని కింద పద్నాలుగు ‘ఓకే సార్’లు, రెండు దండాలు, ఎవరిదో పుట్టినరోజు కేకు వచ్చి చేరేవి; మర్నాటికి ఆ పది వాక్యాలు ఎక్కడున్నాయో నేనే వెతుక్కునేవాణ్ని. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ పేర్లతో తిరిగిన ఫైళ్లలో ఏది అసలుదో తేలక, ఒక విద్యార్థిని పాత ప్రతినే బైండింగ్‌కు ఇచ్చేసింది. పైగా అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనబడటం అమ్మాయిలకు ఇబ్బందిగా ఉండేదని వారు నాకు చెప్పడానికి ఏడాది పట్టింది. గ్రూపులో నాకు నచ్చినది ఒక్కటే, వాయిస్ మెసేజ్. అధ్యాయంలో ఏం చెప్పదలచుకున్నారో రెండు నిమిషాల్లో నోటితో చెప్పమంటే, కాగితం మీద గ్రాంథికంగా బిగుసుకుపోయే విద్యార్థి కూడా విషయం తేటగా చెబుతాడు. చాలాసార్లు ఆ మాటల్నే టైపు చేసి తెమ్మన్నాను.

గూగుల్ డాక్స్ విషయంలో నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఒక ఉదాహరణ చెబుతాను. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పాటించిన పంట విరామం మీద, అంటే ఆ కారు సాగు మానుకోవడం మీద (పేపర్లన్నీ దీన్నే క్రాప్ హాలిడే అని రాశాయి) ఒక అబ్బాయి వ్యాసం రాశాడు. కాలువ నీరు ఆలస్యంగా రావడం, మురుగు కాలువలు పూడి చేలు మునగడం, పెరిగిన కూలికి తగ్గ ధర ధాన్యానికి రాకపోవడం అని కారణాలు వరుసగా చక్కగా పేర్చాడు. నేను రెండు నెలల పాటు పట్టికలు, పాదసూచికలు దిద్దుతూ వచ్చాను. ఒక రాత్రి అతని తోటి విద్యార్థిని ‘రైతులు విరామం ప్రకటించారు’ అన్న వాక్యాన్ని ఎంచి మార్జిన్‌లో ఇలా వ్యాఖ్య రాసింది: “మా ఊళ్లో విరామం అన్నది భూమి ఉన్నవాళ్లు. మా నాన్నది కౌలు సేద్యం. ఆ ఏడాది మాకు చేనూ లేదు, పనీ లేదు. నీ చాప్టర్లో మేమెక్కడ?” దాని కింద ఇద్దరూ వారం రోజులు వాదించుకున్నారు, మధ్యలో మరో ముగ్గురు తమ ఊళ్ల సంగతులు చేర్చారు, చివరికి ఆ వ్యాసంలో కౌలు రైతుల మీద వేరే అధ్యాయమే పుట్టింది. ఆ ప్రశ్న నేను వేయవలసింది. నాకు తట్టలేదు. గ్రూపులో అదే మాట పడి ఉంటే తెల్లారేసరికి దండాల కింద కొట్టుకుపోయేది. వాక్యం పక్కనే అంటిపెట్టుకుని ఉంది కాబట్టి, ఆ వాక్యం తెరిచిన ప్రతిసారీ అతను దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఇదే పరికరంతో నష్టం కూడా జరిగింది, అందులో తప్పు నాదే. సూచనల పద్ధతిలో నేను దిద్దుకుంటూ పోతే, విద్యార్థులు చదవకుండానే వరుసగా ఆమోదం గుర్తు నొక్కేసేవారు. ఒక ఏడాది వ్యాసాలన్నీ నా గొంతుతోనే మాట్లాడుతున్నాయని వైవాకు వచ్చిన పరీక్షకుడు నవ్వుతూ అన్నాడు. అప్పటి నుంచి దిద్దడం మానేసి ప్రశ్నలు మాత్రమే రాస్తున్నాను. ఇంకొక చిక్కు, ఒకరి ప్రతి ఒకరికి కనబడటం. ఒక బ్యాచ్‌లో ఆరు వ్యాసాలు ఒకే పేరాతో మొదలయ్యాయి: ఆర్థర్ కాటన్, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, డెల్టా అన్నపూర్ణ కావడం. గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక పది శాతం లోపు ఉంటే చర్య లేదు గనుక పేరా ఒక్కటే కదా అని వాళ్ల వాదన. ఆ పేరా ముందు ఎవరి దగ్గర పుట్టిందో, ఎవరి దగ్గర అతికించారో డాక్స్‌లో మార్పులన్నీ నమోదయ్యే వెర్షన్ హిస్టరీ తేదీ, సమయంతో సహా చూపించింది కాబట్టి వాదన అక్కడితో ఆగింది.

జొటేరో ఉచితం, గ్రూపు లైబ్రరీ బాగా పనిచేస్తుంది. ఉచిత నిల్వ 300 ఎంబీ కాబట్టి స్కాన్ చేసిన పాత గెజిటీర్లు దానిలో ఎక్కించకుండా వివరాలు మాత్రమే ఉంచుకోవాలి. మన పేర్ల దగ్గర జాగ్రత్త అవసరం. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. పుస్తకం వివరాలను జొటేరో దానంతటదే తెచ్చుకున్నప్పుడు చాలాసార్లు పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటుంది; సరిచూసుకోకపోతే గ్రంథసూచిలో రావులూ రాజులూ శర్మలూ ఇంటిపేర్లయి కూర్చుంటారు. పేరును ఒకే గడిగా మార్చుకునే వీలుంది, లేదా ఇంటిపేరును చివరి పేరు గడిలో చేత్తో వేసుకోవాలి. తెలుగులో రాసేవారు డీటీపీ కేంద్రాల్లోని పాత ఫాంట్ల జోలికి పోకుండా మొదటి రోజు నుంచి యూనికోడ్‌లోనే టైపు చేయాలి. లేకపోతే డాక్స్‌లో తెరిచినప్పుడు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి.

తెల్లవారుజామున ఐదింటికి మీట్‌లో చేరి, మైకులు ఆపి, ఎవరి రాత వారు రాసుకునే ఏర్పాటు ఇంతగా సాగుతుందనుకోలేదు. ముగ్గురు గానీ అంతకు మించి గానీ ఉంటే ఉచిత ఖాతాలో గంటకే కాల్ ముగుస్తుంది, ఆ పరిమితే మాకు కలిసొచ్చింది. కరెంటు, నెట్ మీద పూర్తిగా ఆధారపడకూడదని మాత్రం 2022 మాకు నేర్పింది. మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు, జులైలో వరద వచ్చి లంక గ్రామాలు మునిగాయి. ఆఫ్‌లైన్ ప్రతిని ముందే ఫోన్లో తెరిచి పెట్టుకున్నవారి రాత ఆగలేదు.

కొత్తగా మొదలుపెట్టే గైడులు గుర్తుంచుకోవలసిన చిన్న విషయం ఒకటుంది. ఫలితాలు వచ్చాక విద్యార్థులు డాక్యుమెంటును పీడీఎఫ్‌గా దించుకుని తృప్తిపడతారు, కానీ మార్జిన్‌లోని వ్యాఖ్యలు అందులో రావు. వర్డ్ ఫైలుగా దించితే వస్తాయి. కౌలు రైతుల మీద జరిగిన ఆ వారం రోజుల వాదన అలా దించుకున్న ఫైల్లోనే నా దగ్గర ఉంది.