కొత్త కంపోజర్ ట్రాక్ మీద అభిప్రాయం: వాయిస్ నోటా, టైమ్ వేసి రాయడమా, ప్రాజెక్టు విప్పడమా?

రాయగడలోనో గుణుపురంలోనో ఓ కుర్రాడు షార్ట్ ఫిల్మ్‌కి ల్యాప్‌టాప్‌లో ఆర్కెస్ట్రా స్కోరు (నేపథ్య సంగీతం) కట్టి, బరంపురంలోని సీనియర్‌కి "అన్నా, ఓసారి విని చెప్పండి" అని పంపుతాడు. ఎలా చెప్తే అతనికి పనికొస్తుంది?

వాయిస్ నోట్ అన్నిటికన్నా సులువు, ఉపయోగం మాత్రం తక్కువ. "స్ట్రింగ్స్ ఫేక్‌గా ఉన్నాయి తమ్ముడూ, ఫీల్ రాలేదు" అంటే (స్ట్రింగ్స్ అంటే వయొలిన్, సెల్లో లాంటి తీగ వాద్యాలు) అతను వెళ్లి రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) పెంచుతాడు. అసలే ముద్దగా ఉన్న ట్రాక్ ఇంకా ముద్దవుతుంది. ట్యూను ఫలానా చోట ఇలా తిరగాలని పాడి చూపించడానికైతే దాన్ని మించింది లేదు.

టైమ్ వేసి రాయడం వేరు. ఆడియో ఒక్కటే వద్దు, వీడియోతో కలిపి పంపమనండి. మొదటిసారి ఆపకుండా చూసి, రెండోసారి రాయండి. మూడు పాయింట్లు దాటొద్దు. పదిహేను రాస్తే ముందు తేలికవే దిద్దుకుంటాడు. ఒక్కోదాంట్లో టైమ్, వినిపించింది, చేయాల్సింది ఉండాలి. ఇలా:

"1:12: అమ్మ మాట వినబడట్లేదు, పైన ఓబో (సన్నాయి లాంటి వాద్యం) మోగుతోంది. ఆ రెండు డైలాగులసేపు ఓబో తీసేసి, వయోలాలతో (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి) ఒకే స్వరం పట్టించు."

హల్లుల స్పష్టత చాలావరకు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఓబో రీడు పదును కూడా అక్కడే కోస్తుంది. వాల్యూమ్ తగ్గించడం సగం మందే.

"1:40: కింద అంతా గొణుగుడు. సెల్లోలో సి2, ఇ2 కలిసి ఉన్నాయి. సి2 ఉంచి, ఇ ని ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి పంపు."

సి, ఇ అనేవి స్వరాల పేర్లు, పక్కన అంకె ఏ స్థాయో చెప్తుంది. సి2 సుమారు 65 హెర్ట్జ్, ఇ2 82. అంత కింద అంత దగ్గరగా ఉన్న స్వరాలను చెవి విడదీయలేదు, గరగరగా వినిపిస్తాయి. కుర్రాళ్లు దీన్ని ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే టూల్) కోయబోతారు. లోపం మిక్సింగ్‌లో కాదు, స్వరాలు పేర్చడంలో ఉంది.

కానీ మిక్స్ వింటే లోపం తెలుస్తుందే తప్ప కారణం అన్నిసార్లూ తెలియదు. స్ట్రింగ్స్ వెనకబడుతున్నాయంటే, ప్రాజెక్టు (సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులన్నీ విడివిడిగా ఉండే ఫైలు) చూస్తే నోట్లన్నీ గ్రిడ్‌కి (తాళం గీతలకి) అతికించి ఉంటాయి. చాలా లెగాటో (స్వరాలు కలిపి సాగే) శాంపిళ్లు, అంటే ముందే రికార్డు చేసిన వాద్య ధ్వనులు, పూర్తిగా పలకడానికి 100 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసుకుంటాయి. ఆ ట్రాక్‌కి ఆ మేరకు మైనస్ డిలే (అంత ముందుగా మొదలయ్యేలా) పెట్టాలి, స్టకాటోకి (తుంచి వాయించేదానికి) అక్కర్లేదు. హార్మోనియంలా ఉన్నాయంటే మాడ్ వీల్ (వాయింపులో హెచ్చుతగ్గులు నడిపే చక్రం) గీత ఒకే ఎత్తులో పడుకుని ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, వయొలిన్ సెక్షన్ ప్యాచ్ (ఒక్క మీటకే గుంపంతా వాయించినట్టు పలికే శబ్దం) మీద మూడు స్వరాలు ఒకేసారి (కార్డ్) నొక్కేయడం. 16 మంది ప్యాచ్ అయితే అది 48 మంది వాయించినట్టు బరువెక్కుతుంది.

అలాగని ఫైలు తెప్పించుకోవడం దండగ. అతని లైబ్రరీలు (శాంపిళ్ల సెట్లు) మీ దగ్గర లేకపోతే సగం ట్రాకులు మూగబోతాయి. విడి స్టెమ్‌లు (ఒక్కో వాద్యాల గుంపుకి ఒక్కో ఆడియో ఫైలు) అడిగితే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ మూడు నిమిషాలకు 52 ఎంబీ దాకా అవుతుంది. ఆరు స్టెమ్‌లంటే 300 ఎంబీ దాటుతుంది. స్క్రీన్ షేర్ చేయించుకోవడమో, పక్కన కూర్చోవడమో నయం. మౌస్ మాత్రం అతని చేతిలోనే ఉండాలి. మీరే దిద్ది ఇస్తే ఆ ట్రాక్ బాగుపడుతుంది, తర్వాతది మళ్లీ అలాగే వస్తుంది.

కాబట్టి ముందు రాసి పంపడమే మేలు. దిద్దినా కుదరని 20 సెకన్ల ముక్క ఉంటే, దానికోసమే ప్రాజెక్టు విప్పండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్ర (అమ్మవారి జాతర) లాంటి చోట అక్కడికక్కడ రికార్డు చేసిన డప్పులు, మహురి (సన్నాయి లాంటి వాద్యం) మీద ఆర్కెస్ట్రా ఎక్కిస్తే, మొదటే ప్రాజెక్టు చూడాలి. డప్పుల నడక క్లిక్‌కి (కంప్యూటర్ కొట్టే తాళానికి) కట్టుబడదు; డప్పుల్ని సాగదీయకుండా, టెంపో మ్యాప్‌నే (ఎక్కడ ఎంత వేగమో చెప్పే గీత) వాటి వెంట నడపాలి. మహురి శ్రుతి 440 హెర్ట్జ్ ప్రామాణిక శ్రుతికి సరిగ్గా కూర్చుంటుందనుకోవద్దు. ట్యూనర్‌తో ఎన్ని సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తేడానో చూసి, ఆర్కెస్ట్రా మొత్తాన్ని అంత జరపాలి. మహురి వాయించినంతసేపూ ట్రంపెట్లు మానేస్తే ఇంకా మంచిది, రెండూ ఒకే ఎత్తులో అరుస్తాయి.