నెట్ పోయినా ఆగని సీసీ కెమెరాలు: అమలాపురం ఇంట్లో వాడి చూశాక

మా ఇల్లు అమలాపురంలో, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. అమ్మానాన్న కొన్ని నెలలు నా దగ్గర, కొన్ని నెలలు చెల్లి దగ్గర ఉంటారు కాబట్టి ఇంటికి తాళం పడి ఉండే రోజులే ఎక్కువ. మొదట వైఫై కెమెరాలు ఉండేవి. ఇప్పుడు నాలుగు వైరు కెమెరాలు, వాటి వీడియోని రికార్డు చేసే ఫోర్ ఛానెల్ డీవీఆర్ పెట్టె, సిమ్ వేసే జీఎస్‌ఎం అలారం, గట్టిగా మోగే ఒక హూటర్ ఉన్నాయి. వానాకాలాలు, ఒక పెద్ద తుపాను దాటాక రాస్తున్న మాట ఇది.

వైఫై కెమెరాలు చెడ్డవని కాదు. బిగించడం తేలిక, బొమ్మా బాగుంటుంది. కానీ మా వీధికి ఫైబర్ వైరు కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. కొబ్బరి మట్ట పడితే తెగుతుంది, కరెంటోళ్లు కొమ్మలు కొట్టినప్పుడు తెగుతుంది, ఏమీ లేకపోతే ఉడుత కొరుకుతుంది. మోడెం మీద ఎర్ర లైటు కొట్టుకుంటోందంటే ఆ పూటకి అంతే. ఫోన్ చేస్తే “కుర్రాణ్ని పంపిస్తున్నానండి” అంటారు. ఆ కుర్రాడు వచ్చేదాకా క్లౌడ్‌లో రికార్డింగ్ లేదు, ఫోన్‌కి అలర్ట్ లేదు. కెమెరాలో మెమరీ కార్డు ఉంటే దాంట్లో ఎక్కుతుంది, నిజమే. దొంగ కెమెరానే పీక్కుపోతే ఆ కార్డూ వాడితోనే పోతుంది.

డీవీఆర్‌కి ఈ గొడవ లేదు. నెట్‌తో పని లేకుండా హార్డ్ డిస్క్‌లోకి రాసుకుంటూ పోతుంది. 2 మెగాపిక్సెల్ కెమెరాని సెకనుకి 2 మెగాబిట్ల దగ్గర పెడితే రోజుకి దాదాపు 21 జీబీ. నాలుగు కెమెరాలకి 2 టీబీ డిస్క్ మూడు వారాలు దాటి వస్తుంది, తర్వాత పాతది చెరిపి కొత్తది రాస్తుంది. దాన్ని టీవీ పక్కన పెట్టించుకోకండి. మాది అటక మీద, గాలాడే ఇనప పెట్టెలో, తాళం వేసి ఉంది.

ఎవరూ చెప్పని సంగతి గడియారం. నెట్ ఉన్నంతకాలం డీవీఆర్ టైమ్ తనే సరిచేసుకుంటుంది. లోపలి బటన్ సెల్ అయిపోయి ఉండటంతో, నెట్ లేనప్పుడు కరెంటు పోయి రాగానే మాది 2000 జనవరి 1కి వెళ్లి కూర్చుంది. ఆ తేదీ ఉన్న వీడియో పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే ఏం చెబుతాం? భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇచ్చి వీడియోని సాక్ష్యంగా పెట్టొచ్చు గానీ, బొమ్మ మీద టైమే తప్పయితే ముందు దానికి జవాబు చెప్పుకోవాలి. సెల్ మార్పించాక మళ్లీ ఆ బాధ రాలేదు.

కరెంటు సంగతి. ఇంటికి ఇన్వర్టర్ ఉన్నా, మెయిన్ నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో మోడెం, డీవీఆర్ రెండూ రీస్టార్ట్ అయ్యేవి. ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్‌ని ఎకో నుంచి యూపీఎస్ మోడ్‌కి మార్చాక ఆగింది. మోడెంకి విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ కూడా పెట్టాను. కొత్తలో బాగా నిలబడింది, ఇప్పుడు బ్యాటరీ తగ్గింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటినప్పుడు ముందు నెట్ పోయింది, తర్వాత కరెంటు, ఆ తర్వాత ఫోన్ సిగ్నలూ పోయింది. హైదరాబాద్‌లో కూర్చుని టెన్షన్ పడటం తప్ప చేసేదేం లేదు. వెళ్లి చూస్తే ఇన్వర్టర్ అయిపోయేదాకా రికార్డింగ్ మొత్తం ఉంది. పెరట్లో అరటి చెట్లు ఒరిగిపోవడం, మేడ మీద రేకు లేచిపోవడం అన్నీ ఎక్కాయి. అక్కణ్నుంచి కరెంటు వచ్చేదాకా ఖాళీ. ఆ ఖాళీని పూడ్చాలంటే పెద్ద బ్యాటరీయే, వేరే దారి లేదు.

మొబైల్ డేటాతో నడిచే సిమ్ రౌటర్ బ్యాకప్‌గా పెట్టుకోమని చాలామంది చెబుతారు. కొన్నాళ్లు పెట్టి తీసేశాను. మెయిన్ స్ట్రీమ్‌లో, అంటే పూర్తి క్వాలిటీలో చూస్తే ఒక్క కెమెరాకే గంటకి దాదాపు 900 ఎంబీ లాగేస్తుంది. క్వాలిటీ తగ్గించిన సబ్ స్ట్రీమ్ పెట్టుకుంటే ఫర్వాలేదు, కానీ ముఖాలు పోల్చలేం. పైగా 2022 మేలో కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్టే ఆపేశారు. అలాంటప్పుడు సిమ్ రౌటర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది మాత్రం జీఎస్‌ఎం అలారమే. తలుపు తెరుచుకుంటే మామూలు ఫోన్ కాల్ చేస్తుంది, డేటా అక్కర్లేదు. మాది 2జీ ప్యానెల్, జియోకి 2జీ లేదు కాబట్టి జియో సిమ్ పనికిరాదు. మీరు కొనేముందు అది అడగండి. అలారంలో వేసిన సిమ్‌కి రీఛార్జ్ అయిపోతే నోరు మూసుకుంటుంది, గుర్తుపెట్టుకోవాలి. టవరే పడిపోతే మిగిలేది హూటర్, ఇరుగుపొరుగు. మొదట్లో హాల్లోని మోషన్ సెన్సర్ పిల్లి దూరినా మోగేది. “ఏరా అబ్బాయ్, మీ ఇల్లు మళ్లీ కూస్తోందిరా!” అని పక్కింటి పిన్ని అర్ధరాత్రి ఫోన్ చేసేది. సెన్సర్ తీసేసి తలుపు తెరుచుకుంటేనే మోగే మ్యాగ్నెట్ సెన్సర్లు తలుపులకి పెట్టించాను. ఇప్పుడు మోగిందంటే పిన్ని కొడుకు టార్చి పట్టుకుని వచ్చి చూస్తాడు.

మీరు పెట్టించుకుంటే, బిగించినవాళ్లకి డబ్బులిచ్చే ముందు మోడెం ఆపేసి, మెయిన్ దించి, వీధి తలుపు తీయించండి. హూటర్ మోగాలి, ఫోన్ రావాలి, ఆ నిమిషం సరైన టైమ్‌తో డీవీఆర్‌లో దొరకాలి.