అమావాస్య పోటు, పరేల్ లాడ్జి, ముంబై వాన

ముంబై వాన చూడాలని మా ఆవిడకి పదేళ్ళుగా కోరిక. మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చుని నిమ్మకాయ, కారం రాసిన మొక్కజొన్న కండె తింటుంటే అలలు ఎగిరి మీద పడాలట. మొన్న జూలైలో కుదిరింది. నేను, ఆవిడ, తొమ్మిదేళ్ళ మావాడు, మా అత్తయ్య. అత్తయ్య బందరులో పుట్టి పెరిగిన మనిషి. టికెట్లు చూడగానే గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, "గురువారం ఆషాఢ అమావాస్య కదా బాబూ, ఆ రోజు బయల్దేరడమేంటి?" అన్నారు. "రిజర్వేషన్‌కి తిథులు ఉండవు అత్తయ్యా" అని నవ్వేశాను. ఆ నాలుగు రోజుల్లో ఈ మాట నాకు ఎన్నిసార్లు తిరిగి అప్పజెప్పారో లెక్క లేదు.

నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున ముంబై సీఎస్‌ఎంటీలో, అంటే పాత వీటీ స్టేషన్‌లో, దిగాం. రైలు గురించి ఫిర్యాదేమీ లేదు. కాకపోతే దారిలో చూడాల్సిన చోటు, లోనావాలా నుంచి కర్జత్ దాకా ఉన్న భోర్ ఘాట్, నిద్రలోనే దాటిపోతుంది. వానాకాలంలో ఆ కొండల నిండా జలపాతాలే. అవి కావాలంటే పుణెలో దిగి, పగటి రైలు పట్టుకుని రండి.

ఇక లాడ్జి. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

"దాదర్ స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక" అని యాప్‌లో ఉంది. ఫొటోలో పెద్ద కిటికీ, కిటికీలోంచి ఎండ. జూలైలో ముంబై గదిలో అంత ఎండ ఎలా వచ్చిందని అప్పుడే అనుమానం రావాల్సింది. రోజుకి 3,200. డబ్బు వెనక్కి రాదన్న షరతు ఒప్పుకుంటే 300 తగ్గింపు ఉందంటే ఆ 300కి ఆశపడి మూడు రాత్రులకీ ముందే కట్టేశాను. తగ్గాకే ఆ 3,200. దాదర్ చేరాక తెలిసింది, స్టేషన్ నుంచి ఐదు నిమిషాలంటే బైక్ మీద. సామాను, అత్తయ్య మోకాళ్ళు కలిపి లెక్కేస్తే ఇరవై ఐదు నిమిషాలు. అసలు ఉన్నది హింద్‌మాతాకి దగ్గర, పరేల్ వైపు. హింద్‌మాతా అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. ముంబైలో ఎవరినైనా అడగండి, వాన పడితే నీళ్ళు ముందు ఎక్కడ నిలుస్తాయని. చెప్పే మొదటి రెండు మూడు పేర్లలో ఇదొకటి. అంధేరి సబ్‌వే, మిలన్ సబ్‌వే, సయన్, కింగ్స్ సర్కిల్ దగ్గర గాంధీ మార్కెట్ మిగతావి. హింద్‌మాతా నీళ్ళు పట్టడానికి కార్పొరేషన్ వాళ్ళు మైదానాల కింద పెద్ద ట్యాంకులు కూడా కట్టారు.

పొద్దున్నే వచ్చినందుకు కౌంటర్ దగ్గర 800. అదనపు పరుపు రోజుకి 700, అదీ మూడు రోజులకీ ముందే, నగదే. గది మూడో అంతస్తులో. ఫొటోలోని కిటికీ ఉంది కానీ అది తెరుచుకునేది పైపులున్న సందులోకి. గోడకి చెయ్యి ఆనిస్తే సున్నం వేళ్ళకి అంటుకుంది. దుప్పటి తడిగా లేదు, అలాగని పొడిగానూ లేదు. పిండి ఆరేయడం మర్చిపోయిన బట్టల వాసన. మంచం పక్క ప్లగ్ మీద టేపు అంటించి, ఇది వాడొద్దని పెన్నుతో రాశారు. మావాడు అది చదివి తెగ మురిసిపోయాడు. మా ఆవిడ ఏమీ అనలేదు, సూట్‌కేసు తెరవలేదు. ఆవిడ సూట్‌కేసు తెరవలేదంటే ఏమిటో పెళ్ళైన పన్నెండేళ్ళలో నాకు బాగానే తెలుసు.

ఆ శుక్రవారం మిగతా రోజు సాఫీగానే గడిచింది. మాటుంగాలో అరిటాకు భోజనం చేసి అత్తయ్య కాస్త మెత్తబడ్డారు. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర, ఎలిఫెంటా గుహలున్న దీవికి వెళ్ళే పడవలు గాలికి ఆపేశారు. వానాకాలంలో ఎలిఫెంటాని ప్లాన్‌లో పెట్టుకోండి గానీ నమ్ముకోకండి. సోమవారాలు ఎలాగూ సెలవు. అలీబాగ్ వెళ్ళడానికి గేట్‌వే నుంచి మాండ్వాకి నడిచే పడవలు ఈ కాలమంతా ఉండవు.

శనివారం జూలై 26. 2005లో ఇదే తేదీన శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడే సగటు వాన కంటే ఎక్కువ. ఈసారి అంత లేదు గానీ, తెల్లవారి నాలుగింటికి మొదలైన వాన పదకొండైనా ఊపిరి తీసుకోలేదు. పన్నెండింటికి కిందికి చూస్తే వీధి లేదు. టీ రంగు నీళ్ళలో స్కూటర్ల హ్యాండిళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అప్పుడే లిఫ్ట్ ఆపేశారు. లిఫ్ట్ గుంతలోకి నీళ్ళు వచ్చాయట, కరెంటు ప్రమాదం. అది సరే. కానీ టీ పైకి పంపరా అంటే "లిఫ్ట్ లేదు కదా" అన్నాడు కౌంటర్ అబ్బాయి. మేము దిగి వచ్చి తాగాలి, అత్తయ్య మూడంతస్తులు దిగి ఎక్కాలి! ఖాళీ చేస్తాను, మిగిలిన రెండు రాత్రుల డబ్బు ఇవ్వమన్నాను. మేనేజర్ ఫోన్లోంచి తల ఎత్తకుండా "బారిష్ మేరే హాథ్ మే హై క్యా?" అన్నాడు. వాన ఆయన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. మూడు రోజుల పరుపు డబ్బు ఆయన చేతిలోనే ఉంది కదా! రెండు రాత్రుల గది 6,400, పరుపు 1,400. మొత్తం 7,800 అక్కడే వదిలేసి వచ్చాం.

సామాను సర్దుతుంటే అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి, "ఇది ఒట్టి వాన కాదు బాబూ, సముద్రం పోటు. అమావాస్య దాటిన విదియ నాటికి పోటు ముదురుతుంది, ఈ నీళ్ళు ఎటు పోతాయి?" అన్నారు. కౌంటర్ దగ్గర అడిగితే నిజమే. ఆ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో నాలుగున్నర మీటర్లు దాటిన పోటు ఉందట. ముంబై కాలువలు సముద్రంలో కలిసే చోట్లు చాలావరకు పోటు మట్టం కంటే కింద ఉంటాయి. సముద్రం లేచినప్పుడు నీళ్ళు బయటికి పోవు, గేట్లు మూసి పంపులతో తోడాల్సిందే. ఆ గంటల్లోనే కుండపోత పడితే ఊరు నిండుతుంది. పోటు తీస్తే గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. నాలుగున్నర మీటర్లు దాటే రోజుల పట్టికని కార్పొరేషన్ వానాకాలానికి ముందే ఇస్తుంది, పేపర్లలోనూ వస్తుంది. టికెట్ బుక్ చేసే ముందు చూడాల్సింది అది. దొరక్కపోతే మన క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి దాటిన మూడు రోజులు వదిలేయండి. పెద్ద పోట్లు అక్కడ పగలు పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలోనే వస్తాయి కాబట్టి, తప్పక వెళ్తే ఆ వేళకి ఏ మ్యూజియంలోనో ఉండేలా చూసుకోండి.

మూడున్నరకి నీళ్ళు మోకాలి కిందికి దిగాక బయటపడ్డాం. సందు చివర ఇద్దరు కుర్రాళ్ళు, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో చెట్టుకొమ్మ గుచ్చి, పక్కనే నిలబడి వచ్చేవాళ్ళని ఇటు రండి, ఇటు రండి అని పిలుస్తున్నారు. 2017 ఆగస్టు వరదలో ఒక పేరున్న డాక్టరు ఆ చుట్టుపక్కలే ఇలాంటి మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. ఆ కుర్రాళ్ళకి ఎవరూ చెప్పకుండానే అలా నిలబడ్డారు. అత్తయ్య పర్సులోంచి వంద తీసి ఇవ్వబోతే ఒకడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, తీసుకోలేదు. నీళ్ళలో నడిచినవాళ్ళు, ముఖ్యంగా కాళ్ళకి గాయాలున్నవాళ్ళు, మూడు రోజుల్లోపు డాక్టరుకి చూపించుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. మేమూ వెళ్ళి మాత్రలు రాయించుకున్నాం.

యాప్ క్యాబ్ దక్షిణ ముంబైలోని ఫోర్ట్‌కి 780 చూపించి, రెండుసార్లు ఒప్పుకుని రెండుసార్లూ రద్దు చేసింది. ఆటోలు మాహిమ్, సయన్ దాటి దక్షిణానికి రావు, వెతకడం దండగ. చివరికి నలుపు పసుపు టాక్సీ ఒకటి ఆగింది. మీటర్ వేశాడు! 31తో మొదలై 190 అయింది. నేను 250 ఇస్తే చిల్లర వెతికాడు. మా ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఫోర్ట్‌లో, సీఎస్‌ఎంటీకి నడిచే దూరంలో, పాత భవనంలో గెస్ట్‌హౌస్. రోజుకి 3,600, గది అగ్గిపెట్టె. కానీ పొడిగా ఉంది. నడుపుతున్న పెద్దావిడ మమ్మల్ని చూసి రిజిస్టర్ కంటే ముందు పాత పేపర్లు తెచ్చింది, ఉండలు చుట్టి బూట్లలో కుక్కమని. గంటకోసారి మార్చాలట. తెల్లారేసరికి మావాడి బూట్లు ఎండిపోయాయి. ఫ్యాన్ కింద తీగ కట్టి ఉంది, బట్టల క్లిప్పులతో సహా. వానాకాలంలో ముంబై వెళ్ళేవాళ్ళు గదిలో ఏసీ ఉందా అని కాదు, తీగ ఉందా అని అడగండి.

ఆదివారం బోరివలిలో సంజయ్ గాంధీ నేషనల్ పార్కు, లోపల కన్హేరి గుహలు. సోమవారం సెలవు. గేటు టికెట్ వేరు, గుహల వరకు బస్సు వేరు, గుహల దగ్గర తలకి 25 వేరు. నూట తొమ్మిది గుహలు, నల్లరాతిలో తొలిచినవి. మూడో గుహలోని శాసనంలో మన శాతవాహనుల యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుంది. నాకు మతి పోయింది మాత్రం నీళ్ళు చూసి. రాతి మీద బొటనవేలంత కాలువలు చెక్కారు. వాన నీళ్ళు వాటిలో జారి, గుహ గుహకీ ఉన్న తొట్టిలోకి చేరుతున్నాయి. అంత వానలోనూ గుహ లోపల నేల పొడిగా ఉంది. అత్తయ్య అక్కడే మెట్టు మీద కూర్చుని, "ఆ లాడ్జివాడిని ఇక్కడికి తీసుకురావాల్సింది" అన్నారు. మేము తిరిగివచ్చే దాకా అక్కడి నుంచి కదల్లేదు.

చేపల సంగతి. మా ఆవిడ పాంఫ్రెట్ (చందువ) వేపుడు అడిగింది, ప్లేటు 650. రుచి లేదు. జూన్, జూలైలో మర పడవల వేటకి నిషేధం, దొరికేది ఎక్కువగా ఐస్‌లో పెట్టినదే. ఆ డబ్బుకి ఇరానీ కేఫ్‌లో బన్ మస్కా, చాయ్ నలుగురం కడుపు నిండా తినొచ్చు, మర్నాడు తిన్నాం కూడా. లోకల్ రైళ్ళలో పొద్దున దక్షిణం వైపు, సాయంత్రం ఉత్తరం వైపు ఎక్కకండి, ఆఫీసు రద్దీ అటే. వాన గట్టిగా పడితే సయన్, కుర్లా దగ్గర సెంట్రల్ లైను ముందు ఆగుతుంది, వెస్టర్న్ లైను ఇంకాస్త ఎక్కువసేపు నడుస్తుంది.

మెరైన్ డ్రైవ్ సోమవారం సాయంత్రం కుదిరింది. అలలు గట్టు కింద పేర్చిన నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మల మీద విరిగి గట్టు దాటాయి, కండె సగం ఉప్పునీళ్ళతోనే తిన్నాం. గొడుగు రెండో నిమిషంలో తిరగబడింది, రెయిన్‌కోటే దిక్కు. రాత్రి రైలుకి ముందు యాప్ వాళ్ళకి లాడ్జి మీద ఫిర్యాదు రాశాను, ఫొటోలతో సహా.

పదకొండు రోజులకి జవాబు వచ్చింది. 500 రూపాయల కూపన్. మూడు నెలల్లో వాడుకోవాలట, ఆ లాడ్జిలోనే. అత్తయ్యకి చదివి వినిపిస్తే, క్యాలెండర్ తెమ్మన్నారు.