షుగర్ కంట్రోల్: గుండెకు ఆరు మేలా, ఏడు మేలా?

మూడు నెలల షుగర్ టెస్టు రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో అందరి కళ్లూ ఒక్క అంకె మీదే పడతాయి. అదే హెచ్‌బీఏ1సీ, అంటే గత మూడు నెలల సగటు షుగర్‌ను శాతంలో చెప్పే అంకె. అది ఎంత తగ్గితే గుండెకు అంత మంచిదని చాలామంది నమ్మకం. కానీ ఆ అంకె కంటే ముందు చూడాల్సింది, షుగర్ వచ్చి ఎన్నేళ్లయిందన్నది.

కొత్తగా బయటపడినవాళ్లకైతే గట్టి కంట్రోలే మేలు. బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనం ఇలాంటివాళ్లతోనే జరిగింది. మందులతో గట్టిగా అదుపు చేసిన వర్గంలో అంకె 7 దగ్గర, ఎక్కువగా ఆహార నియమాల మీదే నడిచిన వర్గంలో 7.9 దగ్గర ఉండేది. అధ్యయనం ముగిసిన ఏడాదికే ఆ తేడా చెరిగిపోయింది. అయినా పదేళ్ల తర్వాత, 2008లో లెక్క తీస్తే, మొదట్లో గట్టిగా అదుపు చేసినవాళ్లలో గుండెపోట్లు 15 శాతం తక్కువ. బరువు ఎక్కువుండి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో 33 శాతం తక్కువ. అందుకే "అప్పుడే మాత్రలెందుకు, కొన్నాళ్లు కాకరకాయ రసం తాగి చూద్దాం" అని వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ తొలి ఏళ్లు మళ్లీ రావు.

షుగర్ పాతబడి, గుండెకు ముప్పు ఉన్నవాళ్ల కథ వేరు. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో జరిగిన అకార్డ్ అధ్యయనంలో సగటు వయసు 62, షుగర్ వచ్చి సుమారు పదేళ్లు. 6 లోపుకి దించాలని చూసిన వర్గంలో 257 మంది చనిపోయారు. 7 నుంచి 7.9 మధ్య ఉంచాలనుకున్న వర్గంలో 203 మంది. దాంతో 2008 ఫిబ్రవరిలో ఆ గట్టి చికిత్సను మధ్యలోనే ఆపేశారు. కారణం ఇదీ అని తేలలేదు గానీ, వైద్యసాయం కావాల్సినంతగా షుగర్ పడిపోవడం (లో షుగర్) గట్టి చికిత్స వర్గంలో మూడింతలు కనిపించింది. లో షుగర్ లక్షణాలు చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ. బీపీకి, గుండెజబ్బుకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడే పెద్దవాళ్లలో ఆ వణుకు, దడ సరిగా తెలియకపోవచ్చు కూడా. అందుకే ఇలాంటివాళ్లు 6 కోసం పరుగు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. అలాగని మందులు సొంతంగా తగ్గించుకోకూడదు.

గుండె కోసం ఒక్క షుగర్‌నే పట్టుకుంటే చాలదు. డెన్మార్క్‌లో 160 మందితో చేసిన స్టెనో-2లో షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మూడింటినీ కలిపి అదుపు చేశారు. 21 ఏళ్ల తర్వాత చూస్తే, మామూలు చికిత్స తీసుకున్నవాళ్ల కంటే వాళ్లు దాదాపు 8 ఏళ్లు ఎక్కువ బతికారు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు బీపీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతున్నాయో కూడా అడగండి. లో షుగర్ ఎన్నిసార్లు వచ్చిందో మీరే ముందుగా చెప్పండి.