లైసాండర్ నిచ్చెన, టెంప్స్‌ఫర్డ్ కొట్టం: నాన్నతో రెండు రోజులు

ముందే చెప్పేస్తున్నా. రెండో ప్రపంచ యుద్ధంలో రహస్య ఏజెంట్లను చేరవేసిన లైసాండర్ విమానం, వాళ్ళు బయల్దేరిన టెంప్స్‌ఫర్డ్ ఎయిర్‌ఫీల్డ్ కొట్టం చూడటానికి ఇంగ్లండ్‌లోని ఈ చోట్లకి వెళ్తే రాత్రి అక్కడ ఉండకండి. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి పొద్దున్నే రైలెక్కితే గంటలోపే దగ్గరి స్టేషన్ బిగిల్స్‌వేడ్‌లో దిగుతారు, సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు కదా, రెండు రోజులకి సర్దుకుందామని నేను లాడ్జి బుక్ చేశాను. అదే తప్పయింది.

నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. లండన్ వచ్చి మూడు వారాలైనా ఏ కోట చూసినా, ఏ మ్యూజియం చూసినా "బాగుంది" అని ఊరుకుంటున్నారు. విమానాలైతే ఇష్టపడతారని ఓల్డ్ వార్డెన్ ఊళ్ళోని షటిల్‌వర్త్ కలెక్షన్ అనే పాత విమానాల మ్యూజియంకి తీసుకెళ్ళాను. స్టేషన్ నుంచి టాక్సీ 16 పౌండ్లు.

అక్కడి లైసాండర్ విమానం ముందు నాన్న ముప్పావుగంట నిలబడ్డారు. రెక్కలు పైన, చక్రాలు లోపలికి ముడుచుకోవు, ముక్కు దగ్గర తొమ్మిది సిలిండర్ల ఇంజన్ పువ్వులా గుండ్రంగా పరుచుకుని ఉంటుంది. పొట్ట కింద అదనపు పెట్రోలు ట్యాంకు. ఎడమ పక్కన వెనక సీటు దాకా ఇనుప నిచ్చెన. నాన్న ఆ నిచ్చెన దగ్గరికి వంగి, బోల్టులు ఎక్కడ బిగించారో చూసి, "ఒరేయ్, మన పల్లెవెలుగు బస్సు వెనకాల టాపు మీదికి ఎక్కే నిచ్చెనేరా ఇది" అన్నారు. మూడు వారాల్లో ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

పక్కనే ఉన్న వాలంటీరు పెద్దాయన ఏమన్నారని అడిగాడు. నేను చెప్పగానే ముఖం వెలిగిపోయింది. ఇక ఇద్దరినీ చుట్టూ తిప్పి, ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ఈ విమానం మొదట సైన్యానికి తోడుగా శత్రువు కదలికలు కనిపెట్టడానికి చేసింది. ఆ పనిలో 1940లో ఫ్రాన్స్‌లో వందకి పైగా కూలిపోయాయి. కానీ చిన్న పొలంలో కూడా నెమ్మదిగా దిగి, వెంటనే లేవగలదు. అందుకే జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోకి రహస్య ఏజెంట్లను చేర్చడానికి పనికొచ్చింది. వెనక తుపాకీ పీకేసి ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు చేశారు. దారి చూపే మనిషి వేరే ఉండడు. పున్నమికి అటూ ఇటూ వచ్చే వెన్నెల రాత్రుల్లో, పైలటే ఒళ్ళో మ్యాప్ పెట్టుకుని నదుల మెరుపును బట్టి దారి పట్టేవాడు. కింద పొలంలో ఉన్నది తమ వాళ్ళేనని తెలియడానికి, వాళ్ళు టార్చిలైటుతో ముందే అనుకున్న మోర్స్ (చుక్కలు, గీతల సంకేతం) అక్షరం కొట్టాలి. తలకిందులైన ఎల్ ఆకారంలో పెట్టిన మూడు టార్చిలైట్లే రన్‌వే. ఇంజన్ ఆపకుండానే వచ్చినవాళ్ళు ఆ నిచ్చెన దిగడం, వెళ్ళేవాళ్ళు ఎక్కడం, అంతా మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి.

"ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదో, అందుకే ఆపరు" అన్నారు నాన్న. ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే పెద్దాయన నాన్న భుజం తట్టాడు.

ఇక లాడ్జి సంగతి. పేరు రాయను. పబ్బు పైన గది, రాత్రికి 89 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి. కింది అంతస్తు గది కావాలని బుకింగ్‌లోనే రాశాను. రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. నాన్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. ఆదివారం కాబట్టి వంటగది ఏడింటికే మూసేశామన్నారు. చుట్టుపక్కల ఇంకే హోటలూ తెరిచి లేదు. బ్రెడ్డు కొనుక్కొచ్చి, అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా తెరిచి, కిటికీ పక్కన కూర్చుని తిన్నాం. పొద్దున గది ఖాళీ చేస్తుంటే బిల్లులో 30 పౌండ్లు అదనంగా వేశారు. ఏమిటని అడిగితే గదిలో వాసన, శుభ్రం చేయించాలట. పైగా బ్రేక్‌ఫాస్ట్ బుకింగ్‌లో లేదట! మనిషికి పదకొండున్నర పౌండ్లు కట్టమన్నారు.

బుకింగ్ కాగితం చూపించి ఇరవై నిమిషాలు వాదించాను. బ్రేక్‌ఫాస్ట్ డబ్బు వదిలేశారు కానీ వాసన డబ్బు వదల్లేదు. వాళ్ళ మాట నాన్నకి పూర్తిగా అర్థం కాకపోయినా, లాడ్జి ఆవిడ సీసా వైపు చూపించిన చెయ్యి అర్థమైంది. "ఇచ్చేసెయ్యరా, పోదాం" అన్నారు. సీసాని తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టేశారు. 30 పౌండ్లు పోయినందుకు కాదు, ఆయన ఆ సీసాని దాచుకున్నందుకు నాకు ఇప్పటికీ కడుపు రగులుతోంది.

ఆ మూడ్‌లోనే టెంప్స్‌ఫర్డ్ వెళ్ళాం. టాక్సీ 22 పౌండ్లు. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోండి, అక్కడ రోడ్డు మీద ఏదీ దొరకదు. పొలాల మధ్య కాంక్రీటు దారిలో నడవాలి. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

దారి చివర జిబ్రాల్టర్ ఫామ్ కొట్టం. టికెట్ లేదు, కాపలా లేదు, తాళం కూడా లేదు. 1942 నుంచి ఏజెంట్లను చేరవేసిన బ్రిటిష్ వైమానిక దళం 138, 161 స్క్వాడ్రన్లు (విమాన దళాలు) ఇక్కడి ఎయిర్‌ఫీల్డ్ నుంచే పనిచేశాయి. పైనుంచి చూస్తే పాడుబడ్డ పొలంలా కనిపించేలా కట్టారు. విమానం ఎక్కేముందు ఏజెంట్లకు సామాన్లు ఇచ్చిందీ, జేబులు వెతికిందీ ఈ కొట్టంలోనే. లండన్ బస్సు టికెట్ ముక్క ఒక్కటి జేబులో ఉండిపోయినా, జర్మన్ల కంటపడితే ప్రాణం పోయినట్టే. ఇప్పుడు లోపల యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టే ఎర్ర గసగసాల పూల దండలు, చిన్న చిన్న శిలువలు, ఎవరెవరివో పేర్లు. బయట వాళ్ళ జ్ఞాపకంగా నాటిన చెట్లు. బస్సు టికెట్ సంగతి చెప్పగానే నాన్న తన చొక్కా జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నారు. అందులో నిన్నటి రైలు టికెట్ ఉంది.

తర్వాత టెంప్స్‌ఫర్డ్ ఊళ్ళో మహిళా ఏజెంట్ల స్మారకం దగ్గరికి వెళ్ళాం. అక్కడ నూర్ ఇనాయత్ ఖాన్ గురించి చెప్పాను. టిప్పు సుల్తాన్ వంశం. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ పాటకు మెచ్చి హైదరాబాద్ నిజాం తాన్‌సేన్ బిరుదు ఇచ్చాడు. 1943 జూన్‌లో ఒక వెన్నెల రాత్రి, దక్షిణ తీరానికి దగ్గరలోని టాంగ్‌మీర్ నుంచి లైసాండర్‌లోనే ఆమెను ఫ్రాన్స్‌కి చేర్చారు. పారిస్‌లో వైర్‌లెస్ ఆపరేటర్. తోటివాళ్ళు వరసగా పట్టుబడుతున్నా వెనక్కి రానంది. అక్టోబర్‌లో దొరికిపోయింది. 1944 సెప్టెంబర్‌లో జర్మనీలోని డాకౌ నాజీ క్యాంపులో కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 30 ఏళ్ళు.

"నిన్న మనం చూసిన నిచ్చెన లాంటిదే దిగిందా?" అని అడిగారు నాన్న. అవునన్నాను. చాలాసేపు ఆ రాయి ముందే నిలబడ్డారు.

ఇద్దరికీ రెండు రోజులకి, రైలు ఛార్జీలు కాకుండా, 240 పౌండ్లు దాటింది. లాడ్జి లేకపోతే సగానికి సగం తగ్గేది. తినడానికి ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, కొట్టం బయట చెట్ల కింద కూర్చుని తినొచ్చు. మేం అక్కడే మిగిలిన బ్రెడ్డు తిన్నాం. సీసా తీయమంటే నాన్న ముందు అటూ ఇటూ చూశారు, తర్వాత తీశారు.

రైల్లో అమ్మకి ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. నిచ్చెన బోల్టుల గురించి, తొమ్మిది సిలిండర్ల గురించి, నూర్ గురించి. లాడ్జి మాట ఎత్తలేదు.