బూజు పనికి శిక్షణ: ఫోను పాఠమా, హాల్లో తరగతా, మన గదిలోనా? ఏది మేలు?

విజయనగరంలో రెండు ఆఫీసు భవనాలు, ఒక గోదాము, ఒక పాత రికార్డు గది బాగోగులు చూసే పని నాది. వానలు మొదలయ్యాయంటే ఇటు శ్రీకాకుళం నుంచి, అటు బొబ్బిలి నుంచి ఇదే పనిలో ఉన్న మిత్రులు ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతారు. బూజు శుభ్రం చేసే సిబ్బందికి ఫోనులో చూసుకునే పాఠాలు సరిపోతాయా, విశాఖ నుంచి ఎవరినైనా పిలిపించి తరగతి పెట్టించాలా, లేక సొంత భవనంలోనే పని చేయిస్తూ నేర్పించాలా అని. గత ఏడాది ఈ మూడూ మా దగ్గర చేయించి చూశాను. ఈ ఏడాది ఒకదానికే డబ్బు కేటాయించాను.

చెమ్మ ఎక్కడుంటే బూజు అక్కడుంటుందని, తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టుకోవాలని ఈ పనిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నన్ను ఆలోచనలో పడేసింది ‘బూజు’ అన్న మాటే. పైకప్పు మూలలో వేలాడే సాలెగూడు మనకు బూజే. తడిగోడ మీద నల్లగా, పచ్చగా పాకేదీ బూజే. మొదటిదాన్ని ఏం చేయాలో మన చేతులకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కర్రకు చీపురు కట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దులపడమే. ఆ చేతులే రెండోదాన్నీ అలాగే దులుపుతాయి. గోడ మీది బూజును పొడిగా దులిపితే కంటికి కనిపించని సిద్ధబీజాలు, అంటే బూజు విత్తనాల్లాంటివి, గదంతా లేస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అవి చాలా ప్రమాదం. చీర కొంగు వాటిని ఆపదు.

అందుకే ఏ శిక్షణ గురించి విన్నా నేను అడిగేది ఒక్కటే: చీపురు పట్టిన చేతి అలవాటును అది మారుస్తుందా?

ఫోను పాఠాలతో మొదలుపెడతాను. ఖర్చు లేదు, కొత్తగా చేరినవాళ్లకు ఏ రోజైనా చూపించవచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. మేము చూపించిన పాఠం శ్రద్ధగా తీసినదే. కాకపోతే అది అమెరికా ఇళ్ల పాఠం. అక్కడ గోడంటే లోపల జిప్సం పలక. బూజు పడితే ఆ ముక్క కోసి, పాలిథిన్ సంచిలో మూటకట్టి పారేయమన్నారు. మా గోడలు ఇటుకవి, పైన సున్నం. కోయడానికి ఏముంది? ఇంగ్లీషులో బూజుకూ, అచ్చుకూ ‘మోల్డ్’ అన్న మాటే కాబట్టి, కింద తెలుగులో పడుతున్న అక్షరాల్లో బూజుకు బదులు ‘అచ్చు’ అని వస్తోంది. మా దగ్గర ఇరవై ఏళ్లుగా ఊడుస్తున్న ఒకామె, “ఇటుకలు పోసే అచ్చా బాబూ?” అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి అన్న సలహా కూడా ఇక్కడ జాగ్రత్తగా తీసుకోవలసినదే. గదిలో గాలి తేమ 60 శాతం దాటకూడదంటారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన తీరంలో బయటి గాలే అంతకంటే చెమ్మగా ఉంటే, రోజంతా కిటికీ తెరిచి ఉంచడమంటే చెమ్మను లోపలికి పిలవడమే. పాఠం చూసిన మర్నాడు మా వాళ్లు మళ్లీ పొడి చీపురే పట్టారు.

హాల్లో తరగతి ఇంతకంటే ఎంతో నయం. వచ్చినాయన పని తెలిసిన మనిషి. బ్లీచింగ్ పౌడరు మీద ఆయన చెప్పిన పావుగంట కోసమైనా ఆ రోజుకు పెట్టిన ఖర్చు దండగ కాదంటాను. మరకలు తొందరగా పోతాయని మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌లో బ్లీచింగ్ కలిపే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఎన్-95 మాస్కు రేణువులను ఆపుతుందే తప్ప వాయువును ఆపదు. ఈ సంగతి మా సూపర్‌వైజర్లలో సగం మందికి ఆ రోజే తెలిసింది. 2021లో బ్లాక్ ఫంగస్ భయం చూసినవాళ్లు, ఈ నల్ల మచ్చ కూడా అదేనా అని అడిగారు. కాదని, ఆ జబ్బు తెచ్చిన శిలీంధ్రాల జాతి వేరని, అది ఎక్కువగా అదుపులో లేని మధుమేహం ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు సోకిందని ఓపికగా చెప్పాడు.

అయితే ముప్పై మంది కూర్చున్న ఆ హాల్లో ముందు వరుసల్లో సూపర్‌వైజర్లు, ఆఖరున ఊడ్చేవాళ్లు. మాస్కు పెట్టుకుని చూపించినవాళ్లు నలుగురు. సర్టిఫికెట్లు మాత్రం ముప్పై మందికీ వచ్చాయి.

మూడోదానికి అదే ఆయనను ఒక పూట కోసం మళ్లీ పిలిచాను. ఈసారి ఆరుగురే, అదీ మా రికార్డు గదిలో. ముందు అసలు బూజు జోలికి పోనివ్వలేదు. బీరువా తలుపు మీద ముగ్గుపిండి రుద్ది, నేల మీద నల్ల గుడ్డ పరిచి, ఎప్పటిలాగే దులపమన్నాడు. కిటికీలోంచి పడే ఎండలో పిండి పొగలా లేచింది. ఆరడుగుల అవతల గుడ్డ మీద తెల్లటి పొర పడింది. ఇందాక ‘అచ్చు’ సంగతి అడిగినామె కనుబొమలు నెరిసినట్టు అయిపోయాయి. తర్వాత ఇంకో తలుపుకు పిండి రుద్ది, సబ్బునీళ్లు చిలకరించి తడిగుడ్డతో తుడవమన్నాడు. నల్లగుడ్డ నల్లగానే ఉంది. ఆమె దాన్ని వేలితో రాసి చూసి, “అయితే ఇన్నేళ్లూ ఇదంతా నా లోపలికే పోయిందా బాబూ?” అంది. నాకు మాట రాలేదు. ఆ తర్వాత మా దగ్గర ఎవరూ బూజు మీద పొడి చీపురు వేయలేదు.

మాస్కు కూడా అంతే. కళ్లజోడు ఉన్నవాళ్ల అద్దాల మీద ఆవిరి పట్టిందంటే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే. మాస్కు పైఅంచున ఉండే రేకును ఒక్కొక్కరి ముక్కు మీద నొక్కి సరిచేసేదాకా ఆయన కదలలేదు. గడ్డం ఉన్న కుర్రాడికి మాస్కు సరిగ్గా అంటుకోదని చెప్పి అతన్ని నీళ్లు మోసే పనికి పంపాడు. ఉబ్బసం ఉన్నామెను గదిలోకే రానివ్వలేదు. ఆరుగురు ఉంటేనే ఇది కుదురుతుంది.

ఇక నీటి జాడ. తుడవడం అయ్యాక మచ్చ ఎక్కడ మొదలైందో చూడమని అందరినీ డాబా ఎక్కించాడు. పిట్టగోడ పగులులో రావి మొక్క, దాని వేళ్లతో మూసుకుపోయిన వాననీటి గొట్టం. ఏటా దసరా తర్వాత వచ్చే మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు ఆ గోడకు మేము రంగు వేయిస్తూ వచ్చాం, సంక్రాంతికల్లా అది పెచ్చులూడుతూ వచ్చింది. బూజు మీద రంగు నిలవదని పాఠంలోనూ చెప్పారు, హాల్లోనూ చెప్పారు. మా గొట్టం మూసుకుపోయిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

కరెంటు లేని రోజున ఏం చేయాలో కూడా అక్కడే మాట్లాడుకున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫ్యాన్లను, తేమ లాగే యంత్రాలను నమ్ముకున్న ప్రణాళిక అలాంటప్పుడు అక్కరకు రాదు. తడిసిన ఫైళ్ల మధ్య తెల్లకాగితాలు పెట్టి నిలబెట్టడం, విడి కాగితాలను తాళ్ల మీద వేయడం చేయించి చూశాం. అప్పటికే బూజు కనిపిస్తున్న కట్టలను వేరు చేసి, వాటి మీదికి ఫ్యాన్ తిప్పకూడదని చెప్పాడు.

దీనిలో ఇబ్బందులూ ఉన్నాయి. ఆరుగురి చొప్పున అందరికీ చెప్పించాలంటే పూటలు పెరుగుతాయి, పని ఆగుతుంది. నేర్పే మనిషి సరైనవాడు కాకపోతే, శిక్షణ పేరుతో సిబ్బందిని బూజులోకి తోసినట్టవుతుంది. అందుకే ముందు ముగ్గుపిండి, తర్వాతే గోడ. మచ్చ పది చదరపు అడుగులు, అంటే సుమారు మూడడుగులకు మూడడుగులు దాటితే మా వాళ్లు ముట్టుకోరు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన ఆ హద్దునే మేమూ పాటిస్తున్నాం. ఏసీ గొట్టాల్లో పట్టినా, మురుగునీరు చేరినా అనుభవజ్ఞులను పిలవవలసిందే.

గోడ మీద పోస్టర్లు, వాట్సాప్ సందేశాలు ఉంటే ఉండనివ్వండి, వాటిని శిక్షణ కింద లెక్కవేయకండి.

మాది ఫ్యాక్టరీ కాదు గానీ, 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన 111-ఏ సెక్షన్ కార్మికుడి శిక్షణ హక్కు గురించి చెబుతూ, వీలైనంతవరకు ఫ్యాక్టరీలోనే అని ముందు రాసింది. బయటి శిక్షణ కేంద్రం మాట ఆ తర్వాతిది. నాకు ఆ వరుస నచ్చింది.

తనిఖీలకు సర్టిఫికెట్లు చూపించవలసిన సంస్థలకు హాల్లో తరగతి తప్పదు. ఫోను పాఠాన్ని మేము కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు చూపిస్తాం, పక్కన ఒకరు కూర్చుని తెలుగులో చెబుతారు. డబ్బంతా గదిలో పూటలకే: మే నెలాఖరున, వానలకు ముందు రెండు, సెప్టెంబరులో, తుపానుల కాలానికి ముందు రెండు. సిరిమాను వారంలో మా ఊళ్లో ఎవరూ పనికి దొరకరు కాబట్టి అంతకుముందే ముగించాలి. పోయినసారి తెప్పించిన రబ్బరు చేతొడుగులు ఆడవాళ్ల చేతులకు వదులై, మోచేతి దగ్గర జారిపోయాయి. ఈసారి చిన్న సైజువి చెప్పాను.